గొంతు పోయిన ఆరు వారాలు

తమిళ సీమలో, పాలక్కోడు టమాటా మండీలో, అంజనప్ప గొంతు తెలియనివాడు లేడు. రైతులు తెల్లవారుతుండగానే పెట్టెలు దించి వరసలు పేర్చేవారు. అంజనప్ప ఒక ఖాళీ పెట్టెను బోర్లించి దాని మీదికెక్కి వేలం పాట మొదలుపెట్టేవాడు. రోడ్డుకు అవతల టీకొట్టులో కూర్చున్న వ్యాపారి గ్లాసు కింద పెట్టకుండానే ఎవరి సరుకు ఎంతకు పోతోందో తెలుసుకునేవాడు. ఇరవై రెండేళ్లు అలా పాడాడు. మండీ యజమాని అన్నామలై అతన్ని కొత్తవాళ్లకు చూపించేటప్పుడు పేరు చెప్పేవాడు కాదు, "మన గొంతు" అనేవాడు.

ఆ గొంతే ఆదివారాలు దేవుడికి వినిపించేది.

అతని ఊరు వెల్లిచందై చివర, మల్బరీ తోటల పక్కన, రేకుల కప్పుతో చిన్న ప్రార్థన మందిరం ఉంది. ముప్పై కుటుంబాలు వస్తాయి. సగం మంది ఇళ్లలో తెలుగు, సగం మంది ఇళ్లలో తమిళం. మందిరంలో మాత్రం పాటా, వాక్యమూ, ప్రార్థనా అంతా తమిళమే. అంజనప్పకు తెలుగు రాయడం, చదవడం రాదు. తెలుగు అంటే అతనికి పెళ్లాన్ని పిలవడానికీ, ఎద్దును అదిలించడానికీ, బంధువులతో గొడవ పడడానికీ పనికొచ్చే భాష. దేవుడితో మాట్లాడాలంటే తమిళమే, అదీ మామూలు తమిళం కాదు, పండుగ బట్టలు కట్టుకున్న తమిళం.

ఆ ఊళ్లో మొట్టమొదట బాప్తిస్మం తీసుకున్నవాడు అంజనప్ప తండ్రి. అందుకని సంఘంలో మొదటి ప్రార్థన తనదేనని అంజనప్ప అనుకునేవాడు. కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అతను లేచి "ఆండవరే", అంటే ప్రభువా, అని మొదలుపెట్టి, ఆకాశాన్నీ సముద్రాలనూ పర్వతాలనూ చుట్టి, ఇశ్రాయేలు జనంతో పాటు అరణ్యం దాటి, చివరికి తన ఎడమ మోకాలి దగ్గర దిగేవాడు. మోకాలి తర్వాత జబ్బుపడ్డ దూడ, దాని తర్వాత బావి మోటారు, తర్వాత కొడుకు మురళికి పాలిటెక్నిక్‌లో సీటు, తర్వాత తన ఎకరంన్నర టమాటా. ఇతరుల కోసం ప్రార్థించడని కాదు. "ఇక్కడ కూడిన అందరినీ ఆశీర్వదించుము" అని ఆఖర్లో ఒక ముక్క ఉండేది. ఆ అందరూ ఆ ముక్క కోసమే కాచుకుని ఉండేవారు. దాని వెనకాలే ఆమెన్ వచ్చేది.

పైకి అడగని కోరిక ఇంకొకటి ఉండేది. సంఘానికి కార్యదర్శి కావాలని. ఆ పదవి ఎనిమిదేళ్లుగా మాదేశన్ దగ్గర ఉంది. మాదేశన్ అతనికి దూరపు చుట్టరికంలో బావ అవుతాడు. పట్టుపురుగులు పెంచుతాడు, పురుగులలాగే చప్పుడు చేయకుండా పని చేసుకుపోతాడు. అటువంటి మనిషి చేతిలో మందిరం తాళంచెవి ఎందుకుందో అంజనప్పకు అర్థమయ్యేది కాదు. దేవుడికి ఈ విషయం గుర్తు చేస్తూనే ఉన్నాడు.

రెండు వేల ఆరులో, వేసవి మొదట్లో, గొంతు బొంగురుపోయింది. పెళ్లాం పాపక్క మిరియాల కషాయం కాచి ఇచ్చింది, పసుపు వేసిన పాలు ఇచ్చింది. తగ్గలేదు. ఆ ఆదివారం అంజనప్ప గొంతు కోసం ప్రార్థన పెట్టుకున్నాడు. ప్రార్థనలో పట్టు ఉండాలని ఎప్పటికంటే గట్టిగా అరిచాడు. "ఈ గొంతును ముట్టుము" అన్న చోట 'ముట్టు' దాకా వచ్చింది. ఆపైన గాలి తప్ప ఏమీ రాలేదు.

ధర్మపురి పెద్దాసుపత్రిలో గొంతు డాక్టరు ఆడమనిషి. నోట్లోకి అద్దం పెట్టి చూసి, స్వరతంత్రి మీద జొన్నగింజంత కాయ లేచిందని చెప్పింది. ఆరు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, గుసగుస అయితే మరీ చెరుపు, ప్రతి మంగళవారం వచ్చి చూపించుకోవాలి, తగ్గకపోతే అప్పుడు కత్తి సంగతి ఆలోచిద్దాం అంది. అంజనప్ప పాపక్క మోచేయి గోకి, చేతులు జోడించి, పైకి చూపించాడు. పాపక్క తనకు వచ్చిన తమిళంలో, జెబం, అదే ప్రార్థన, చేసుకోవచ్చా అని అడిగింది. జెబానికీ గొంతుకూ ఏం సంబంధమమ్మా అంది డాక్టరు. పాపక్క మొగుడి వైపు చూసింది.

అన్నామలై తన తమ్ముణ్ణి పెట్టె మీదికి ఎక్కించి చేతికి మైకు ఇచ్చాడు. అంజనప్పకు ఒక పలకా సుద్దముక్కా కొన్నారు. అతను తమిళంలో రాస్తాడు, పాపక్కకు చదవడం రాదు. ఉప్పు తక్కువైందని చెప్పడానికి పలక మీద రాసి, ఆమె ముందు పెట్టి, ఆమె ఆ రాతను మెచ్చుకోలుగా చూసి పక్కన పెట్టేస్తే, కూర అలాగే తినేవాడు.

మొదటి ఆదివారం అతను ముందు వరసలో కూర్చున్నాడు. ఈ రోజు సంఘమంతా తన గొంతు కోసం మొరపెడుతుందని నమ్మకంతో ఉన్నాడు. ఎవరెవరు ఏడుస్తారో కూడా మనసులో అనుకున్నాడు. పాస్టరు సెల్వమణి ప్రార్థన చేయమని మాదేశన్‌కు చెప్పాడు. మాదేశన్ లేచి, కారుతున్న రేకు సంగతి, వాన సంగతి చెప్పి, "అంజనప్ప గొంతు బాగుచేయండి" అని, పాలమ్ముకునే పెరుమాయి కోరిక చెప్పి, కూర్చున్నాడు. అంతా కలిపి రెండు నిమిషాలు. అంజనప్ప గొంతుకు దొరికింది ఒక్క వాక్యం. రేకుకే దానికంటే ఎక్కువ దొరికింది.

అంజనప్పకు ఒళ్లు మండింది. సరే, నా ప్రార్థన నేనే చేసుకుంటాను అని కళ్లు మూసుకుని లోపలే "ఆండవరే" అన్నాడు. ఆ మాట వచ్చింది కానీ దాని వెనకాల రావలసిన సముద్రాలూ పర్వతాలూ రాలేదు. గొంతు తోసినంతవరకే ఆ తమిళం నడిచేదని అప్పటిదాకా అతనికి తెలియదు. నోరు మూసుకుంటే బండి కదల్లేదు.

చేసేదేమీ లేక విన్నాడు.

పెరుమాయి తన వరస వచ్చినప్పుడు లేచి, తిరుప్పూరులో బనియన్ల కంపెనీకి పోయిన కొడుకు సెంతిల్ బతికున్నాడో లేదో ఒక్క మాట తెలియజేయమని దేవుణ్ణి అడిగింది. రెండేళ్లయిందట వాడి నుంచి కబురు లేక. అంజనప్ప కళ్లు తెరిచాడు. రెండేళ్లుగా పెరుమాయి అతని వెనక వరసలోనే కూర్చుంటోంది, ఇదే మాట అడుగుతోంది. పోయిన క్రిస్మస్‌కు కూడా అతను ఆమెను పట్టుకుని, నీకేమమ్మా, కొడుకు తిరుప్పూరులో బాగా సంపాదిస్తున్నాడు అని మెచ్చుకున్నాడు. ఆమె అవునని తలూపింది. ఆమె ప్రార్థించే వేళకు అతను ఎప్పుడూ తాను చేసిన ప్రార్థన ఎలా కుదిరిందా అని లోపల సరిచూసుకుంటూ ఉండేవాడు.

ఆ సాయంత్రం పలక పట్టుకుని పెరుమాయి ఇంటికి పోయాడు. ఉత్తరం రాసిపెడతానని సైగ చేశాడు. ఆమె మొదట భయపడింది, తర్వాత ట్రంకుపెట్టె అడుగున దాచిన పాత చిరునామా తీసింది. ఆమె చెబుతుంటే అతను రాశాడు. నాలుగు వాక్యాలు అనుకున్నది నాలుగు పుటలు అయింది. మధ్యలో ఆమె కోడలి గురించీ, తాను వాడితో అన్న ఒక చెడ్డమాట గురించీ చెప్పింది. ఆ చెడ్డమాట ఇంతవరకు పాస్టరుకు కూడా చెప్పలేదట. నీకు చెబితే పరవాలేదు, నువ్వు ఎవరికీ చెప్పలేవు గదా అంది.

ఆ మాట ఎలా పాకిందో తెలియదు, పది రోజుల్లో అంజనప్ప దగ్గరికి మనుషులు రావడం మొదలైంది. తోటలో గట్టు మీద కూర్చుంటే పక్కన వచ్చి కూర్చునేవారు. ఎండ గురించి రెండు మాటలు చెప్పి, చుట్టూ చూసి, అసలు సంగతి మొదలుపెట్టేవారు. తమ్ముడి పొలంలోకి గట్టు జరిపినవాడు ఒకడు. తాగుడు మానేశానని పెళ్లాంతో ఒట్టు వేసి మానని కుప్పన్. ఆఖరికి మండీ అన్నామలై కూడా ఒక రోజు వచ్చాడు. అతను రోజూ మురుగన్ గుడికి పోయే మనిషి. గంటసేపు తండ్రి గురించి మాట్లాడి, కళ్లు తుడుచుకుని, ఈ సంగతి మీ దేవుడికి కూడా ఒక మాట చెప్పు, తప్పు లేదు అని లేచిపోయాడు. అంజనప్ప అందరికీ తలూపేవాడు. వాళ్లందరికీ అది చాలా గొప్ప జవాబులాగా ఉండేది. ఇన్నేళ్లు నోరున్నప్పుడు తన దగ్గరికి ఒక్కరూ ఎందుకు రాలేదన్నది అతను రెండు రోజులు ఆలోచించి, నచ్చని జవాబు తట్టడంతో ఆపేశాడు.

మూడో వారంలో మాదేశన్ వచ్చాడు.

అతను రావడం చూసి అంజనప్ప టమాటా కర్రలకు తాడు కట్టడంలో మునిగిపోయినట్టు నటించాడు. మాదేశన్ కాలువ గట్టు మీద కూర్చుని చాలాసేపు మట్టి పిసికాడు. తర్వాత తల ఎత్తకుండా, మా ఇంటిది చిక్కమ్మకు రొమ్ములో గడ్డ ఉండాది బావా అన్నాడు. నాలుగు నెలలైందట. ఆమె దాచిపెట్టింది, అతనికి తెలిసి వారమే. ఆసుపత్రికి పోదామంటే రానంటుంది. ఆమె అక్క ఇలాగే ధర్మపురికి పోయి, అక్కడి నుంచి ఇంకెక్కడికో పోయి, తిరిగి రాలేదు. అందుకని ఆసుపత్రి పేరెత్తితే లేచి పశువుల కొట్టంలోకి పోతుంది. సంఘంలో చెప్పి ప్రార్థన చేయించుదామంటే, ఊరంతా తన రొమ్ము గురించి మాట్లాడుకుంటారని, చెబితే బావిలో దూకుతానని అంది.

"నువ్వు జెబం చెయ్యి బావా," అన్నాడు మాదేశన్. "నేను రేకుకీ వానకీ అడగగలను. దీనికి నాకు నోరు రాలేదు."

అంజనప్ప తాడు వదిలేసి అతని వైపు తిరిగాడు. మాదేశన్ ఇంకా ఏదో మిగిలినట్టు కదిలాడు.

"ఇంకొకటి ఉండాది. నీ గొంతు పోయిందని తెలిసిన రోజు నాకు కొంచెం సంతోషమైంది. ఇంక ఆదివారాలు తొందరగా ఇంటికి పోవచ్చునని. అది మనసులో పెట్టుకొని నిన్ను జెబం చెయ్యమని అడిగేది తప్పు. అందుకే చెప్పినాను."

అంజనప్పకు నెత్తురు తలకెక్కింది. ఇరవై రెండేళ్లు మండీలో నేర్చుకున్న తిట్లన్నీ నాలుక మీదికి వచ్చి వరసలో నిలబడ్డాయి. నోరు తెరిస్తే గొంతు శాశ్వతంగా పోతుందని డాక్టరు చెప్పిన మాట ఒక్కటే వాటిని ఆపింది. పళ్లు కరుచుకుని, కళ్లు ఎర్రబడేలా మాదేశన్ ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. మాదేశన్‌కు ఆ నీళ్లు తిరిగిన ఎర్రటి కళ్లలో క్షమ కనిపించింది. అతను కూడా కళ్లు తుడుచుకున్నాడు. నీ అంత పెద్ద మనసు నాకు లేదు బావా అని, భుజం పట్టుకుని, తేలికపడి వెళ్లిపోయాడు.

అంజనప్ప ఆ పూట ఏమీ తినలేదు. పెద్ద మనసు ఉందని ఒకసారి ఒప్పుకున్నాక దాన్ని తిరిగి ఇచ్చేయడం ఎలాగో అతనికి తెలియలేదు. సాయంత్రం బావి దగ్గర కూర్చుని, సరే, చిక్కమ్మ ఏం చేసింది పాపం అనుకుని, ప్రార్థన మొదలుపెట్టాడు. తమిళం రాలేదు. కాసేపు ఎదురుచూశాడు. అప్పుడు ఇంట్లో మాట్లాడే తెలుగు తనంతట తానే వచ్చింది. స్వామీ, నా గొంతు పోయిందని నవ్వినవాడి పెళ్లాం కోసం అడగతా ఉండాను, ఇది నువ్వు గుర్తు పెట్టుకోవాల అని మొదలైంది. అది చెవికి బాగాలేదు. మండీలో రైతు మంచి కాయలు పైన పేర్చి చూపించినట్టు ఉంది. ఆపి మళ్లీ మొదలుపెట్టాడు. స్వామీ, మన చిక్కమ్మ ఉండాది గదా. ఆయమ్మకి భయం. ఆస్పత్రికి పోనంటాది. ఎట్లన్నా పోయేట్లు చెయ్యి. అంతే. దానికి ముందు ఆకాశమూ లేదు, వెనక సముద్రమూ లేదు. తమిళంలో ఎప్పుడూ మర్యాదగా పిలిచే దేవుణ్ణి 'నువ్వు' అన్నానే అని కొంచెం భయపడ్డాడు. పిడుగు పడలేదు.

తర్వాత రోజు పెరుమాయి కొడుకును కూడా చేర్చాడు. ఆ తర్వాత కుప్పన్. గట్టు జరిపినవాడు. అన్నామలై తండ్రి. మూడో రోజు సాయంత్రం అందరినీ చెప్పుకుని ఆమెన్ అనుకుని లేచి, ఇంటి గుమ్మం దాకా వచ్చాక, గొంతు సంగతి అడగడం మరిచిపోయానని గుర్తొచ్చింది. సంతలో ఉప్పు కొనడం మరిచినవాడిలా బావి దగ్గరికి వెనక్కి పోయి, అది అడిగి వచ్చాడు. వస్తూ వస్తూ, తన సంగతే మరిచిపోయేంత మంచివాణ్ణి అయిపోయానా అని కాస్త పొంగిపోయాడు. ఇంటికొచ్చేసరికి ఆ పొంగు సంగతి కూడా దేవుడికి తెలిసే ఉంటుందని తట్టి, చెంబెడు నీళ్లు తాగి పడుకున్నాడు.

చిక్కమ్మ ఆసుపత్రికి పోలేదు. ప్రార్థన వారం రోజులు సాగింది, ఆమె కొట్టంలోనే ఉంది. దేవుడు ఎవరినైనా పంపి ఆమెను తీసుకుపోవాలని అంజనప్ప అడుగుతూ పోయాడు. ఎవరిని పంపాలో కూడా సూచించాడు: పాస్టరమ్మను, లేకపోతే ఆరోగ్య కేంద్రం నర్సమ్మను. ఆదివారం మధ్యాహ్నం చొక్కా జేబులో ఏదో తగిలి తీస్తే పాత బస్సు టిక్కెట్లు. ప్రతి మంగళవారం తాను ధర్మపురికి పోతున్నాడు. ఎవరూ పంపకుండానే పోతున్నాడు. ఇది అతనికి ఏమాత్రం నచ్చలేదు. దేవుడికి పని చెప్పడానికి పోతే తనకే పని అంటగట్టినట్టు అనిపించింది.

సోమవారం పలక పట్టుకుని మాదేశన్ ఇంటికి పోయాడు. "రేపు పాపక్కకు కోత పని. నాకు నోరు లేదు. డాక్టరమ్మతో మాట్లాడడానికి చెల్లెలు తోడు రావాలి" అని రాసి మాదేశన్‌కు ఇచ్చాడు. మాదేశన్ గట్టిగా చదివాడు. చిక్కమ్మ గుమ్మంలో నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నీకి నోరు కావాలంటే వస్తానన్నా," అంది. "నన్ను చూపించేదానికైతే రాను. ముందే చెప్తా ఉండాను."

అంజనప్ప తలూపాడు. ఆమె దాన్ని మాట ఇచ్చినట్టుగా తీసుకుంది.

మంగళవారం బస్సులో చిక్కమ్మ హుషారుగానే ఉంది. ఆసుపత్రిలో అతని తరఫున బాగా మాట్లాడింది. రాత్రిళ్లు దగ్గుతున్నాడా అని డాక్టరు అడిగితే, పాపక్క చెప్పిన దానికి రెండు మాటలు కలిపి చెప్పింది. డాక్టరు అద్దం పెట్టి చూసి, కాయ తగ్గుతోంది, ఇలాగే ఉండండి అంది. చిక్కమ్మ లేచి తలుపు వైపు తిరిగింది. అంజనప్ప లేవలేదు. పలక తీసి రాశాడు, డాక్టరు ముందు పెట్టాడు. ఈమెకు రొమ్ములో గడ్డ, నాలుగు నెలలు, భయపడుతోంది.

డాక్టరు చదివింది. లేచి వచ్చి, చిక్కమ్మ చేయి పట్టుకుని, నాతో రా అమ్మా, ఆడవాళ్ల డాక్టరు పక్క గదిలోనే ఉంది అని తీసుకుపోయింది. తెర వెనక్కి పోయేముందు చిక్కమ్మ అంజనప్ప వైపు ఒక చూపు చూసింది. ఆ చూపులో ఎటువంటి క్షమా లేదు, ఎవరూ పొరపాటు పడే అవకాశం లేదు.

తిరుగు ప్రయాణంలో ఆమె నాలుగు సీట్ల అవతల కూర్చుంది. ఊళ్లో దిగాక పాపక్క దగ్గరికి నేరుగా పోయి, నీ మొగుడు తల ఊపి మోసం చేసినాడు అని చెప్పింది. పాపక్క ఆ రాత్రి కూరలో ఉప్పు అసలే వేయలేదు.

గడ్డ మంచిది కాదని పరీక్షలో తేలింది. సేలం పంపారు. ఆపరేషన్‌కు మాదేశన్ ఒక్కడే ఎలా ఉంటాడని అంజనప్ప కూడా పోయాడు. ఎవరూ పిలవలేదు, వద్దనలేదు కూడా. నాలుగు రోజులు వరండాలో ఉన్నాడు. మందుల చీటీలు పట్టుకుని వరసల్లో నిలబడ్డాడు, అవసరమైన చోట పలక చూపించాడు. అక్కడి ఆడవాళ్లు అతను పుట్టుమూగ అనుకుని జాలిపడి, టీ పోసేటప్పుడు అతనికి ముందు పోసేవారు. దేవుడు నోరివ్వలేదు కానీ ఎంత మంచి మనిషినిచ్చాడు అని ఒక ముసలామె అందరికీ వినిపించేలా అంది. అంజనప్పకు అది సరిచేయాలని ఉంది, సరిచేయకూడదని కూడా ఉంది. టీ తాగాడు.

అతను సేలంలో ఉన్న ఆదివారమే వెల్లిచందైలో సంఘం ఏడాది కూటం జరిగింది. పెళ్లాం మంచాన ఉండగా ఈ పని చేయలేనని మాదేశన్ ముందే పాస్టరుకు చెప్పేశాడు. కార్యదర్శి పదవి ఎనిమిదేళ్ల తర్వాత ఖాళీ అయింది. ఎవరెవరు ఉన్నారని పాస్టరు చుట్టూ చూస్తే, కుప్పన్ కనిపించాడు. కుప్పన్‌ను పెట్టారు.

తిరిగి వచ్చాక పాపక్క ఈ కబురు కాస్త భయపడుతూనే చెప్పింది. అంజనప్ప దుఃఖం వస్తుందని కాచుకుని కూర్చున్నాడు. వచ్చింది, కానీ అనుకున్నంత రాలేదు. తాళంచెవి కుప్పన్ దగ్గరుంటే వాడు సాయంత్రాలు సారా కొట్టుకు పోకుండా మందిరానికి పోతాడేమో అన్న ఆలోచన దానికి అడ్డం వచ్చింది. ఎనిమిదేళ్ల కోరిక మీద అంత కొంచెమే ఏడుపు వచ్చినందుకు అతనికి కొంత అవమానంగా కూడా అనిపించింది.

ఆరు వారాలు నిండాక డాక్టరు ఇక మాట్లాడమంది. ఏం మాట్లాడాలో తెలియక అంజనప్ప తన పేరు చెప్పాడు. గొంతు వచ్చింది కానీ పాత గొంతు కాదు. గరుకుగా, సన్నగా, పక్క గదిలోంచి వస్తున్నట్టుంది. వేలం పాడితే మళ్లీ పోతుంది, ఇంక ఆ పని వద్దు అంది డాక్టరు. అన్నామలై అతన్ని చీటీలు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. పెట్టె మీద అన్నామలై తమ్ముడు మైకులో అరుస్తుంటే, కింద అంజనప్ప రాసుకుంటూ పోయేవాడు. కష్టంగానే ఉండేది. కొన్ని పొద్దులు ఆ పెట్టె వైపు చూడకుండా బల్లను ఇంకో వైపు తిప్పుకునేవాడు. పెరుమాయి ఉత్తరానికి జవాబు రాలేదు. ఆమె ఇంకొకటి రాయించుకుంది. ఈసారి చెడ్డమాట గురించి తనే మొదట చెప్పి రాయించింది.

తోట గట్టు మీదికి మాత్రం మనుషులు రావడం ఆగిపోయింది. అంజనప్పకు నోరొచ్చిందట అని ఒకరికొకరు చెప్పుకున్నారు.

గొంతు వచ్చిన మొదటి ఆదివారం పాస్టరు సెల్వమణి, దేవుడు మన అంజనప్పకు గొంతు తిరిగి ఇచ్చాడు, అతనే ప్రార్థన చేస్తాడు అని ప్రకటించాడు. మందిరంలో జనం సర్దుకున్నారు. తల్లులు పిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకున్నారు. ముసలివాళ్లు గోడకు జరిగారు. ఆరు వారాల బాకీ ఒక్కసారి తీరుతుందని అందరికీ తెలుసు.

అంజనప్ప లేచి నిలబడ్డాడు. "ఆండవరే" అన్నాడు.

అడగవలసినవి చాలా ఉన్నాయి. ఒక్కొక్క పేరూ లోపల లేచి నిలబడింది. కానీ అందులో ఒక్కటి కూడా పైకి చెప్పదగ్గది లేదు. కుప్పన్ రెండో వరసలో కొత్త కార్యదర్శిగా తల దువ్వుకుని కూర్చున్నాడు. గట్టు జరిపినవాడు తమ్ముడి పక్కనే ఉన్నాడు. చిక్కమ్మ చాలా రోజుల తర్వాత వచ్చి, ఆడవాళ్ల వైపు చివర, పైట నిండుగా కప్పుకుని కూర్చుంది. ఈ ఆరు వారాల్లో అతనికి అడగడానికి దొరికినవన్నీ పరాయివాళ్ల రహస్యాలే. తన మోకాలూ దూడా ఉన్నాయి కానీ, వీళ్లందరినీ లోపల నిలబెట్టి ముందుగా మోకాలి మాట ఎత్తడానికి అతనికి మనసు రాలేదు. అందుకని లోపలే ఒక్కొక్కరినీ తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. మందిరంలో చప్పుడు లేదు. ఒక నిమిషం గడిచింది, రెండు గడిచాయి. ఎవరో దగ్గారు. పాపం, మళ్లీ పోయింది అని ఎవరో గుసగుసలాడారు. పాపక్క చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన నిలబడింది. ఆఖరి పేరు అయిపోయాక అంజనప్ప "ఆమెన్" అన్నాడు. సంఘమంతా ఎన్నడూ లేనంత ప్రేమతో ఆమెన్ అంది.

పాస్టరు వచ్చి భుజం తట్టాడు. అధైర్యపడవద్దు, పూర్తి బలం వస్తుంది అన్నాడు. కుప్పన్ కొత్త పుస్తకం తెరిచి, తన మొదటి అధికారిక పనిగా, అంజనప్ప గొంతు ఇంకా నయం కాలేదు, అందరూ ప్రార్థించాలి అని రాసుకున్నాడు. అంజనప్ప నయమైందని చెప్పబోయి, ఎలా చెప్పినా కథ పొడుగవుతుందని మానుకున్నాడు.

బయట చెప్పులు వేసుకుంటుంటే చిక్కమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. సేలం నుంచి వచ్చాక ఆమె అతనితో మాట్లాడడం అదే మొదలు. మనిషి సగమైంది. ముఖం మాత్రం పాత ముఖమే.

"అంతసేపు నిలబడుకొని ఏం అడిగినావు?" అంది.

"పేర్లు చెప్పుకొన్నాను."

"నాదీనా?"

"నీదీ."

ఆమె పైట సర్దుకుంది. "పైకి చెప్పలేదు. అది మంచిది," అంది. "నా కోపం పోలేదు. పోయిందనుకోవద్దు. ఈ మంగళవారం మందుకి సేలం పోవాల. ఆయనకి పురుగులు గూడు కట్టే వేళ, ఇల్లు విడిచి రాలేడు. నువ్వు రావాల."

ఇంకా ఎన్ని మంగళవారాలు పోవాలో డాక్టర్లు ఆమెకు చెప్పలేదు. ఆమె అతనికి చెప్పలేదు, అతను అడగలేదు. మండీలో సెలవు అడిగాడు. అన్నామలై ఎందుకని అడగకుండా ఇచ్చాడు.

మంగళవారం పొద్దున అంజనప్ప పోయేసరికి చిక్కమ్మ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని ఉంది. పక్క సీటు మీద సంచి పెట్టి అతని కోసం ఆపింది. బస్సు పాలక్కోడు దాటాక, ఇన్నాళ్లకు నోరొచ్చింది గదా, ఆమెకు ధైర్యంగా నాలుగు మాటలు చెబుదామని, అతను గొంతు సవరించుకున్నాడు.

"మాట్లాడొద్దన్నా," అంది చిక్కమ్మ, కళ్లు మూసుకునే. "నాకు వాంతి వస్తాది."

అంజనప్ప నోరు మూసుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని, సేలం బస్సు మారే ధర్మపురి దాకా అలాగే కూర్చున్నాడు.